ఆరబెట్టిన పది పళ్లాలు

పోయిన చలికాలం నిజామాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు సదస్సు పెట్టి నన్నూ పిలిచారు. రిటైరైన టీచర్ని కదా, ఖాళీగా ఉంటానని అందరికీ గట్టి నమ్మకం. కుర్చీలు నిండాలంటే మాలాంటి వాళ్లు కావాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి తెర మీద బొమ్మలు వేసుకుంటూ, తుపాకులు పట్టిన గుంపుల వ్యూహాలను ఆ ప్రాంతపు సంస్కృతి ఎట్లా మలుస్తుందో గంటన్నర చెప్పాడు. ‘సంస్కృతి’ అని రాసిన గుండ్రంలోంచి ‘వ్యూహం’ అని రాసిన గుండ్రంలోకి లావుపాటి బాణం గుర్తు ఒకటి పోయింది. నాకు మోకాళ్ల నొప్పి. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఆ బాణాన్ని చూస్తుంటే మా అవ్వ పళ్లాలు గుర్తొచ్చాయి. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. పెద్దమనిషి చెప్పింది తప్పేమీ కాదు. కాకపోతే మా ఇంట్లో ఆ బాణం బాపు కాళ్ల మీదుగా పోయింది.

చాయ్ తాగేటప్పుడు ఒకాయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాయి. బక్క మనిషి, చేతుల నిండా పసుపు మరకలు.

"చెల్లె, ఇందాక నువ్వు మీ ఊరి పేరు చెప్పినవ్ గదా. వాకిట్ల ఇరిగిన చెరుకుబండి ఉంటుండె, ఆ ఇల్లు మీదేనా?"

"మాదే. మీరెవరు?"

"మీ ఇంట్ల మూడుసార్లు తిన్న."

నాకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. మా ఇంట్లో మూడుసార్లు తిని, ఒక్కసారి కూడా పేరు చెప్పకుండా పోయిన గుంపు ఒక్కటే. ఊళ్లో అందరూ వాళ్లను అన్నలు అనేవాళ్లు, పోలీసులు దళం అనేవాళ్లు.

"ఇప్పుడు పసుపు యార్డుల కాంటా కాడ పన్జేస్తున్న," అన్నాడు. "బయటికొచ్చి చానేండ్లాయె. అవ్వ ఉన్నదా?"

"ఉన్నది. నా దగ్గర్నే ఉంటది."

"బాపు?"

"పోయిండు. నాలుగేండ్లాయె."

ఆయన కాగితం గ్లాసులో మిగిలిన చాయ్ పారబోశాడు. "ఒక్కసారి అవ్వను సూడాలె చెల్లె," అన్నాడు. ఆదివారం అన్నానికి రమ్మన్నాను. నోటికేదొస్తే అది అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆటోలో ఇంటికి వస్తూ దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకంటే అవ్వకు చెప్పని మాట ఒకటి చిన్నప్పటి నుంచీ నా కడుపులోనే ఉంది. ఆ మనిషి వచ్చి పాతవన్నీ తవ్వితే అది బయటపడుతుంది. బయటపడకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. రెండూ భయమే.

మా ఊరు బోధన్ దాటి వర్ని పోయే దారిలో, కాలువ కింద. ఎటు చూసినా చెరుకే. వానాకాలం ముదిరేసరికి చెరుకు మనిషిని మించి పెరిగేది, లోపల ఎవరున్నారో గట్టు మీది వాళ్లకు తెలిసేది కాదు. అన్నలు మా వైపు వచ్చేది ఆ నెలల్లోనే. ఫ్యాక్టరీ సైరన్ మొదలై, నరుకుడు కూలీలు కత్తులు పట్టుకుని దిగారంటే వాళ్లు అడవి దిక్కు సర్దుకునేవాళ్లు. తోట పడిపోయాక దాక్కోవడానికి ఏముంది? అంత పెద్ద విప్లవమూ మా చెరుకు ఎప్పుడు పక్వానికొస్తుందో చూసుకుని నడిచింది.

ఇళ్లలోకి రావడానికి కూడా వాళ్లకు కొన్ని పద్ధతులుండేవి. బాలింత ఉన్న ఇంటికి వచ్చేవాళ్లు కాదు. చావు జరిగిన ఇంటి గడప పదకొండు రోజులు తొక్కేవాళ్లు కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊళ్లో కనబడేవాళ్లే కాదు, ఆడబిడ్డలు పుట్టింటికొచ్చిన వేళ తుపాకీ చూసి ఎవరు జడుసుకున్నా ఆ ఉసురు తమకు తగులుతుందన్నట్టు. దేవుడు లేడని పాటలు పాడేవాళ్లకు మైల పట్టింపు ఎందుకని మా బాపు నవ్వేవాడు. అప్పుడు నవ్వేవాడు.

వాళ్ల పద్ధతుల్లో ఒకటి మా అవ్వకు అస్సలు గిట్టలేదు. తిన్నవాళ్లు తమ పళ్లెం తామే కడిగి, తుడిచి, తీసినచోటే పెట్టాలి. అది దళం కట్టుబాటు. ఇంటివాళ్లకు చాకిరీ చెప్పకూడదని పైకి అనేవాళ్లు. ఎవరో వచ్చి తిన్నారన్న ఆనవాలు ఇంట్లో మిగలకూడదనేది లోపలి లెక్క. మొదటిసారి ఏడుగురు వచ్చి తిని, ఏడుగురూ వరసగా బాయి దగ్గర కూర్చుని పళ్లాలు తోముతుంటే అవ్వ ముఖం మాడిపోయింది. మా ఇళ్లల్లో చుట్టం ఎంగిలి పళ్లెం చుట్టంతో కడిగించడమంటే ఇంటి ఆడదాన్ని చెంప మీద కొట్టినట్టే. తగువు పడి సంబంధం తెంపుకున్నవాళ్లే అట్లా చేస్తారు. రెండు రోజులు అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. రెండోసారి కూడా వాళ్లు అదే పని చేస్తే ఉండబట్టలేక నాయకుడి ముందే అనేసింది.

"మా ఇంట్ల తినుడు మీకు ఇష్టం లేకుంటే రాకుర్రి. తల్లె మీరే కడుక్కుంటే ఇగ గిది సుట్టాల ఇల్లెట్లయితది?"

తల్లె అంటే పళ్లెమే. తుపాకీ పట్టుకున్న మనిషి ముందు అంత మాట అన్నదని బాపు తరువాత తల పట్టుకున్నాడు. ఆ నాయకుడు మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

మూడోసారి కార్తీకంలో వచ్చారు, దీపాలు పెట్టే వేళకు. అవ్వ తన పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పది స్టీలు పళ్లాలూ సందుగలోంచి తీసింది. సందుగ అంటే మా ఇంటి ఇనప పెట్టె, విలువైనవేమున్నా అందులోనే ఉండేవి. వాళ్లు ఏడుగురు, మేం ముగ్గురం. అన్నం, పప్పు, వంకాయ కూర. తిన్నాక వాళ్లు చేతులు కడుక్కుని పళ్లాలు ఉన్నచోటే వదిలి లేచారు. ఎవరూ బాయి దగ్గరికి పోలేదు. అవ్వ ముఖం ఎంత వెలిగిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తన మాట నెగ్గింది. ఏడుగురు బిడ్డలు ఇంటివాళ్లలాగా తిని పోయారు.

ఆ పూట అన్ని గిన్నెలు తోమితే పక్కిళ్లకు చప్పుడు వినబడుతుందని తెల్లారాక తోమింది. అప్పుడు నాకు పదేళ్లు. గడ్డికి పోతూ నన్ను పిలిచి చెప్పింది, "బిడ్డా, ఇవన్ని బట్టపెట్టి తుడిచి సందుగల పెట్టి బడికి పో."

నేను పెట్టలేదు. బద్ధకం కొంత ఉంది, ఒప్పుకుంటాను. అసలు సంగతి మాత్రం అది కాదు. తడి పళ్లాలు సందుగలో పెడితే మచ్చలు పడతాయని, బాయి బండ మీద బోర్లించి ఎండనివ్వాలని అవ్వే నాకు వెయ్యిసార్లు చెప్పింది. ఒకసారి తడిగా పెట్టినందుకు నెత్తి మీద మొట్టింది కూడా. రోజూ చెప్పే మాట నా చేతుల్లో ఉంది, ఆ ఒక్కరోజు చెప్పిన మాట చెవి దగ్గరే ఆగిపోయింది. పదింటినీ బండ మీద ముచ్చటగా వరసలో బోర్లించి, పలక సంచి భుజాన వేసుకుని బడికి పోయాను.

నేను అటు పోయానో లేదో ఇటు పోలీసు జీపు వచ్చింది. మా ఊరికి వాళ్లు వచ్చింది వేరే ఇంటి కోసమట. మా వాకిలి ముందు నుంచి పోతూ బాయి దిక్కు చూశారు. ఎండలో పది పళ్లాలు తళతళ మెరుస్తున్నాయి. ఇంట్లో మనుషులెంతమంది అని బాపును అడిగారు. ముగ్గురమన్నాడు. చుట్టాలొచ్చారు అన్నాడు. ఏ చుట్టాలు, ఏ ఊరు అంటే చెప్పలేకపోయాడు. ఒక పేరు చెప్తే ఆ ఇంటికి పోతారని ఆయనకు తెలుసు. జీపులో ఎక్కించుకుని పోయారు.

తొమ్మిది రోజులకు బాపును వదిలారు. అరికాళ్లు పగిలి, పాదాలు ఒంటిని మోయలేనంతగా వాచి ఉన్నాయి. వాపు తగ్గింది గాని కాళ్లు మునుపటిలా కాలేదు. తడి మడిలో నిలబడలేడు, బండి తోలలేడు. వాకిట్లో ఉన్న ఇరిగిన బండిని బాగు చేయించే అవసరమే మళ్లీ రాలేదు. చెరుకు పొలం పాలుకిచ్చాం. నిజమైన దెబ్బ కాళ్ల మీద పడలేదని నాకు తరువాత తెలిసింది.

వచ్చిన రోజు అవ్వ ఏడ్చుకుంటూనే అన్నం పెట్టింది. బాపు పళ్లెం వైపు చూశాడు. చేత్తో మెల్లగా పక్కకు జరిపాడు.

"ఆకుల పెట్టు," అన్నాడు.

అంతే. ఎందుకో చెప్పలేదు, అవ్వ అడగలేదు. ఆ పూట మోదుగాకు విస్తరిలో తిన్నాడు. మరుసటి రోజూ అంతే. ఇంకెప్పుడూ పళ్లెం ముట్టలేదు. అవ్వకు ఒకటే అర్థమైంది. తన పంతం వల్ల, తను కడిగిన పళ్లాల వల్ల ఆయన కాళ్లు పోయాయి, ఆయన దాన్ని మరిచిపోలేదు. నాకు చెప్పిన మాట ఆమెకు గుర్తే లేదు. ఎండలో పెట్టింది తనేనని నమ్మింది. "నేనే బోర్లేసి పోతి," అని వాడకట్టంతా చెప్పుకుని ఏడ్చింది. పక్కనే నిలబడి విన్నాను. పదేళ్ల పిల్లకు భయం. పదిహేనేళ్లకు సిగ్గు. ఆ తరువాత అలవాటైపోయింది.

ఏటా ఎండాకాలం మోదుగాకులు తెప్పించి, చీపురు పుల్లలతో కుట్టి, రాయి కింద పెట్టి, ఏడాదికి సరిపడా కట్టలు కట్టేది అవ్వ. ఆమె వేళ్ల కొసలు గరుకు తేలిపోయాయి. పళ్లాలు పదీ సందుగలోకి పోయాయి, మళ్లీ బయటికి రాలేదు. నా ఉద్యోగం వల్ల ముగ్గురం నిజామాబాద్ వచ్చాక కూడా బాపు ఆకులోనే తిన్నాడు. చివరి రోజుల్లో తాగించిన గంజి తప్ప ఆయన తిన్న ప్రతి ముద్దా ఆకు మీదిదే.

ఆదివారం పన్నెండింటికి ఆ పసుపు యార్డు మనిషి వచ్చాడు. చేతిలో అరటిపళ్లు. అవ్వకు ముందే చెప్పాను ఎవరో. ఏమీ అనలేదు, పొద్దున్నే వంకాయలు తెమ్మంది. ఆయన వంగి కాళ్లకు దండం పెడితే భుజం పట్టుకుని లేపింది.

"మస్తు బక్కగైనవ్ కొడుకా," అంది.

వడ్డించడానికి అలవాటుగా ఆకు తీసింది. బాపు పోయినా కట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆకు చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"అవ్వా, ఆకు వద్దే. పదకొండేండ్లు ఆకులల్లనే తిన్న. మీ ఇంట్ల గట్లయినంక మాకు ఆర్డరొచ్చింది, ఎవరింట్ల గూడ తల్లె ముట్టొద్దని. ఆడోళ్లు కడగనియ్యరు, కడిగినయి దాసరు, దొరికిపోతరు అని. ఆకుల తిని, ఆకు బొందపెట్టి పోవాలె. ఇగ పోలీసోళ్లు పెంటకుప్పలల్ల ఆకులు తవ్వుడు సురువు జేసిండ్రు. అప్పుడు కొన్ని ఊళ్లల్ల రొట్టెలు అడిగినం, చేతుల పట్టుకొని తినేతందుకు. వాళ్లు రొట్టె చప్పుడినుడు నేర్చిండ్రు."

అది నాకూ గుర్తుంది. జొన్నరొట్టె చరిచే చప్పుడు వేళ కాని వేళ వినబడితే జీపు ఆగేది. మా వైపు ఆడవాళ్లు తడిబట్ట పరిచి దాని మీద చప్పుడు కాకుండా రొట్టె చేయడం నేర్చుకున్నారు. ఒకరి ఎత్తుకు ఇంకొకరి పైఎత్తు, రెండూ మా వంటింట్లోనే. ఆ సదస్సు పెద్దమనిషి ఈ గుండ్రం కూడా గీయాల్సింది.

అవ్వ ఆకు పక్కన పెట్టింది. లోపలికి పోయి సందుగ తెరిచింది. తాళం తిరగక కష్టపడింది, నేను సాయం పోతే చెయ్యి తోసేసింది. ఒక పళ్లెం తీసి, కొంగుతో తుడిచి, అందులో వడ్డించింది. అంచున ఆమె పుట్టింటి పేరు పొడి అక్షరాల్లో ఇంకా ఉంది. ఆయన మెల్లగా, మెతుకు వదలకుండా తిన్నాడు.

తిన్నాక పళ్లెం పట్టుకుని లేచాడు. అవ్వ చెయ్యి చాచింది, ఇంకెట్లా చేయగలదు? ఆయన ఇవ్వలేదు.

"అవ్వా, నీకొక మాట చెప్పేతందుకే వచ్చిన. ఆ దినం మేం కడుగుదమనే లేచినం. మా లీడరన్న ఆపిండు. ఆ అవ్వకు కోపమొస్తది, కోపమొస్తే మల్ల బువ్వ పెట్టది, చెరుకు నరికేదాంక మనకు ఈ ఇల్లు కావాలె, పళ్లాలు ఇడిచిపెట్టుర్రి అన్నడు. నీ మీద మర్యాదతోని గాదు. లెక్కతోని ఇడిచిపెట్టినం."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం అవ్వ ముఖంలోని వెలుగు కూడా వీళ్ల లెక్కలో ఒక అంకెన్నమాట. ఏదో అనబోయాను. అవ్వ నా వైపు చూడలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే కడుగు కొడుకా," అంది.

డెబ్బై ఆరేళ్ల బతుకులో చుట్టంతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన వంటింటి నల్లా దగ్గర నిలబడి పళ్లెం కడిగాడు. చాలాసేపు కడిగాడు. దాన్ని తెచ్చి బాల్కనీ గోడ మీద ఎండకు బోర్లించి, దండం పెట్టి పోయాడు. మెట్లు దిగేటప్పుడు ఆయన కూడా కుంటుతున్నాడని అప్పుడు చూశాను.

అవ్వ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "గిట్లనే పెట్టి పోతి ఆ దినం," అంది పళ్లాన్ని చూసి. "అక్కర్లేని పంతం నాదే. తప్పు నాదే."

ఆ మనిషి తన వంతు చెప్పుకుని తేలికై పోయాడు. నా వంతు మిగిలింది. ఇక మోయలేననిపించింది.

"అవ్వా, నువ్వు పెట్టలేదు. నువ్వు తుడిచి సందుగల పెట్టుమని నాకు చెప్పి గడ్డికి పోయినవ్. నేనే బోర్లేసిన."

ఆమె పళ్లెం మీంచి చూపు నా వైపు తిప్పింది. గుర్తు తెచ్చుకుంటోంది. ఆమె నుదురు మీద ఆ పొద్దు మెల్లగా తిరిగి రావడం నేను చూశాను. తిడుతుందనుకున్నాను. చిన్నపిల్లవు, ఏం తెలుసు అంటుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాను. యాభై దాటినా ఆ ఆశ పోదు.

"మీ బాపు ఆకు ముంగట కూసున్నప్పుడల్లా నా ముఖం సూడకపోతుండె," అంది. "నా చేతి తల్లె అంటే ఆయనకు అసయ్యమనుకున్న. ఒక్కనాడు గూడ తల్లెల పెడ్త తింటవా అని అడగలే. అడిగే మొఖం నాకెక్కడిది?"

నేను ఇంకో కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నాను. 

"ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి బిడ్డా," అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "అడుగుదును. ఒక్క పూటన్న తల్లెల పెడుదును."

కింద రోడ్డు మీద ఆటో వాడు మైకులో ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ పోతున్నాడు. ఆ చప్పుడు దూరం పోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. తరువాత ఆమె లేచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"ఎండింది గని, తుడిచి సందుగల పెట్టు."

పళ్లెం తీసుకున్నాను. ఎండకు వేడిగా ఉంది. రెండు వైపులా బట్టతో తుడిచి, మిగతా తొమ్మిదింటి మీద పెట్టి, సందుగ మూత వేశాను.